పన్నెండో గది

నేను ఒక డిఎన్ఎ చిప్‌ని. ఆ మాట వినగానే మీకు బంగాళాదుంప చిప్స్ గుర్తొస్తే నాకేం కోపం లేదు. విశాఖపట్నం విమానాశ్రయంలో నా పెట్టె మీది పేరు చదివిన ఉద్యోగి కూడా "ఇంత చల్లగా పెట్టుకుని తింటారా వీటిని?" అని పక్కవాణ్ణి అడిగాడు.

నిజానికి నేనొక గాజు పలకను. మీ చూపుడువేలంత పొడవుంటాను, రెండు వేళ్ల వెడల్పుంటాను. పైకి చూస్తే అద్దం ముక్కకూ నాకూ తేడా కనపడదు. నా ఒంటి మీద లక్షల చుక్కలున్నాయి. ఒక్కో చుక్కలో డిఎన్ఎ పోగులు వరి నారులాగా ఒత్తుగా నిలబడి ఉంటాయి. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, వెలుగు పడినచోట ఒక్కో అక్షరం అతుక్కుంటూ, పొర మీద పొరగా వాటిని పెంచారు. డిఎన్ఎకు ఉన్నవి నాలుగే అక్షరాలు. మనిషి కళ్ల రంగు మొదలుకొని, మింగిన మందు ఒంటికి పడుతుందా లేదా అన్నదాకా ఆ నాలుగక్షరాలతోనే రాసి ఉంటుంది. ఇన్ని అక్షరాలున్న మీ భాషల్లో మీరు ఒకరికొకరు ఎంత అర్థమయ్యారన్నది వేరే సంగతి.

నా మీద నిలబడ్డ ప్రతి పోగూ జంటలో సగమే. రెండో సగం ఏ మనిషి రక్తం నుంచో వచ్చి అతుక్కునేదాకా అది ఎదురుచూస్తూ ఉండాల్సిందే. కాబట్టి కంగారు నాకు పుట్టుకతో వచ్చింది. పైగా నన్ను వాడేది ఒక్కసారే. కడిగి మళ్లీ రాసుకోవడానికి నేను బడిపలకను కాను. ఆ ఒక్కసారి ఏదైనా తేడా వచ్చిందా, అంతటితో నా బతుకు చెత్తబుట్ట పాలు.

నా మీద పన్నెండు గదులుంటాయి. గదికి ఒక మనిషి. ఒక మందుల కంపెనీ కొత్త క్యాన్సర్ మాత్ర తయారు చేసి విశాఖలోని ఒక ఆసుపత్రిలో పెద్దవాళ్ల మీద పరీక్షిస్తోంది. చాలామందికి అది బాగానే పడింది. కొందరికి మాత్రం రక్తంలో తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోయాయి. ఎందుకు పడుతున్నాయో, ఏ అక్షరం తేడాగా ఉన్నవాళ్లకు పడుతున్నాయో తేల్చమని నన్ను తెప్పించారు. నన్ను ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసినామె పేరు సలోమి. తెనాలి అమ్మాయి. ఆ ఆసుపత్రి ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పన్నెండుమంది రక్తం తీయాల్సి ఉంటే, చివరి మనిషి పరీక్ష నుంచి తప్పుకున్నాడు. పన్నెండో గది ఖాళీగా మిగిలింది.

ఇకమీదట చెప్పేదాంట్లో కొంత నేను కళ్లారా చూసింది. మిగిలింది సలోమి పని చేసుకుంటూ తోటివాళ్లకు చెబుతుంటే విన్నది. రెండూ కలిపి చెబుతున్నాను.

అదే ఆసుపత్రిలో పిల్లల వార్డులో నిషిత అనే ఐదేళ్ల పిల్ల ఉంది. రక్త క్యాన్సర్. చీపురుపల్లి దగ్గరి ఊరు వాళ్లది. తండ్రి రామినాయుడు ట్రాలీ ఆటో నడుపుతాడు. తల్లి కుసుమ అతనికి స్వయానా మేనమామ కూతురు. అంటే అత్తగారు సన్యాసమ్మ ఆమెకు మేనత్తే. రక్తం బయటికి పోకూడదని, పొలం గట్టు దాటకూడదని పెద్దలు ముచ్చటపడి చేసిన పెళ్లి.

పెద్ద మందులన్నీ అయ్యి, జబ్బు అణిగింది. ఇక రెండేళ్లపాటు ఇంటి దగ్గర రోజూ ఒక పసుపుపచ్చ మాత్ర వేయాలి. పూర్తిగా కాదు, అర మాత్ర. అణిగిన జబ్బు మళ్లీ తల ఎత్తకుండా కాపలా కాసేది అదే. మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్లకే పిల్లకు జ్వరం వచ్చింది, నోరంతా పూసింది. పరీక్ష చేస్తే తెల్లకణాలు లేనట్టే ఉన్నాయి. అవి లేకపోతే చిన్న జలుబు కూడా ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లల క్యాన్సర్ డాక్టరు శేషగిరి గారు మంచివాడే. కానీ వార్డు నిండా రోగులుండగా, నడుస్తూ నడుస్తూ అడిగాడు.

"ఇంట్లో మాత్ర ఎవరు వేస్తారమ్మా?"

"నానే బాబూ," అంది కుసుమ.

"అర మాత్రేనా? పొరపాటున పూర్తిది వేసేస్తున్నావేమో చూసుకో."

ఆయన ఆ మాట అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం కుసుమ దగ్గరే ఉండిపోయింది. సాయంత్రానికల్లా వార్డులోని తల్లులంతా ఆమె వైపు జాలిగానో అనుమానంగానో చూడటం మొదలుపెట్టారు. రామినాయుడు వరండాలోకి తీసుకెళ్లి, "పదో తరగతి దాకా సదివినావు కదే! అరేదో, ఒకటేదో తెలీదేటి నీకు?" అన్నాడు.

మాత్ర ఆపితే పిల్ల కోలుకుంది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ కణాలు పడిపోయాయి, మళ్లీ జ్వరం. ఈసారి అత్తగారు కోడలితో మాట మానేసింది. అన్నం కూడా పిల్లకు తనే తినిపించింది. కుసుమ చెయ్యి పెట్టినచోట విషముందన్నట్టు ఆమె కళ్లు చూసేవి.

ఇక కుసుమకు తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. మాత్ర వేసిన పావుగంటకే వేశానా, రెండోసారి వేశానా అని వెతుక్కునేది. విరిచిన ముక్కను దీపం ముందు పట్టుకుని అరే కదా, అరే కదా అని చూసుకునేది. మూడోసారి మాత్ర మొదలుపెట్టమన్నప్పుడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. దాని సంగతి తర్వాత చెబుతాను. మూడోసారి కూడా కణాలు పడిపోయాయి. ముందు రెండుసార్ల కన్నా ఘోరంగా. పిల్ల నీళ్లు కూడా మింగలేకపోయింది.

"ఇంకోసారి ఇలా అయితే పిల్ల తట్టుకోలేదు," అన్నాడు శేషగిరి గారు. "మందు వేస్తే కణాలు పడిపోతున్నాయి. వేయకపోతే జబ్బు తిరగబెడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"మళ్లా మొదలెడితే మాయమ్మేస్తాది మందు," అన్నాడు రామినాయుడు భార్యతో. "నువ్వు ముట్టుకోకు."

ఆ రోజే సలోమి కంపెనీ పరీక్షలో ఉన్న రోగుల రక్తం తీసుకుని వెళుతోంది. వరండాలో కుళాయి దగ్గర పాలగ్లాసు కడుగుతున్న కుసుమ ఆమె చేతిలోని గొట్టాలను చూసి ఆపింది.

"మేడమ్, రకతం సూస్తే లోపలికి ఎంత మందెల్లిందో తెలుస్తాదా?"

"ఎందుకమ్మా?"

కుసుమ అటూ ఇటూ చూసింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

"నాను తక్కువే ఏసినాను మేడమ్. ఈ మాటు అర కూడా కాదు, పావు. అరని మళ్లా రెండు సేసి ఏసినాను. అయినా పడిపోనాయి."

సలోమి చేతిలోని పెట్టె కింద పెట్టింది. "ఎవరికైనా చెప్పావా ఈ మాట?"

"సెప్తే ఏటంటారు? ఎక్కువేసి సంపుతున్నాదన్నోళ్లు, ఇప్పుడు తక్కువేసి సంపుతున్నాదంటారు. ఎటు సెప్పినా నానే కదా!" ఆమె సలోమి మోచేయి గట్టిగా పట్టుకుంది. "మాయాయనకి మాత్రం సెప్పకండి."

సలోమి డాక్టరు ఒక్కడికే చెబుతానని మాటిచ్చి నేరుగా శేషగిరి గారి గదికి వెళ్లింది. విన్నాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పావుకే ఇంత పడిందా? అయితే పొరపాటు చెయ్యిది కాదు, ఒంటిది. ఆ మాత్ర పని చేశాక దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ ఈ పిల్లలో లేనట్టుంది. మందు పోవడం లేదు, పేరుకుపోతోంది." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఆ తల్లిని నేను పదిమందిలో అడిగాను సలోమీ," అన్నాడు.

కంపెనీ కొత్త మాత్రా, నిషిత వేసుకునే పాత మాత్రా ఒకే కుదురువి. శరీరం రెండింటినీ ఒకే దారిలో వదిలించుకుంటుంది. ఆ దారి తాలూకు అక్షరాలన్నీ నా మీద ఉన్నాయి. పైగా ఒక గది ఖాళీ. బయటి ఊరికి పరీక్షకు పంపితే జవాబు రావడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లు మందు లేకుండా పిల్లను ఉంచడానికి ఆయనకు ధైర్యం లేదు.

కంపెనీవాళ్లు మొదట గొణిగారు. మా పరిశోధనకు తెప్పించిన చిప్ మీద బయటి పిల్ల రక్తమా అన్నారు. "మీరొద్దంటే ఆ గదిని ఖాళీగానే కడిగి పారేస్తాం సార్. అంతకన్నా మీకేం మిగలదు," అంది సలోమి ఫోన్లో. ఇలాంటివాటికి అనుమతిచ్చే ఆసుపత్రి నైతిక సంఘం ఒప్పుకుంది, కంపెనీ ఒప్పుకుంది. జవాబు ఏదొచ్చినా ఇంకో పద్ధతిలో సరిచూడకుండా వైద్యానికి వాడకూడదన్న షరతు పెట్టారు.

కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చిన రామినాయుడు "దీన్లో ఏటి తెలుస్తాది బాబూ?" అని అడిగాడు. "మందు పిల్లకు ఎందుకు పడటం లేదో తెలుస్తుంది," అన్నాడు డాక్టరు. అతను భార్య వైపు ఒకసారి చూసి సంతకం పెట్టాడు. కుసుమ నేల చూపులు చూస్తోంది. నా మీద ఏమీ తేలకపోతే ఆమెకు మిగిలేది ఒక్కటే, డాక్టరు చెప్పినంత మందు వేయలేదన్న నేరం. దాన్ని తన నోటితోనే చెప్పేసుకుంది కూడా.

మర్నాడు పొద్దున నన్ను బయటికి తీశారు. సలోమి రక్తాల్లోంచి తీసిన డిఎన్ఎలను ముక్కలు చేసి, మెరిసే రంగు పూసి, ఒక్కో బొట్టు ఒక్కో గదిలో వదిలింది. పదకొండు గదులు సాఫీగా నిండాయి. పన్నెండో దానికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం తడబడింది. మూత వేశాక చూస్తే లోపల గాలిబుడగ.

బుడగ కూర్చున్నచోట నా చుక్కలకు బొట్టు అందదు. అక్కడ నేను గుడ్డిదాన్ని. సలోమి నన్ను వేలితో తట్టింది, పక్కకు వంచింది, మళ్లీ తట్టింది. బుడగ మధ్యలోంచి కదిలి ఓ మూలకు వెళ్లి మొరాయించింది. మూత తీస్తే అంతా పాడవుతుంది. నాలాంటి ఇంకో చిప్ రావాలంటే సముద్రాలు దాటి రావాలి. "ఇంక నీ ఇష్టం," అంది ఆమె. దేవుడితో అందో, బుడగతో అందో, నాతో అందో నాకు తెలియదు. మర్నాటి దాకా నన్ను వెచ్చటి పెట్టెలో పెట్టి తిప్పారు.

ఆ వెచ్చదనంలో జరిగింది చెప్పాలంటే, మీ ఊరి సంతలాంటిదే. వచ్చిన ప్రతి ముక్కా తన జోడీని వెతుక్కుంటూ చుక్కచుక్కకూ తిరుగుతుంది. పొంతన లేనివి కూడా కాసేపు పట్టుకుని వేలాడతాయి. నిజమైన జంటేదో, ఊరికే ఆనుకున్నదేదో కడిగినప్పుడు గానీ తేలదు. అదే సమయంలో పైన వార్డులో నిషితకు జ్వరం నూట మూడు దాటింది. కుసుమ తడిగుడ్డ మారుస్తుంటే సన్యాసమ్మ ఆ గుడ్డను ఆమె చేతిలోంచి లాక్కుందట.

కడిగాక నన్ను స్కానర్‌లో పెట్టారు. సన్నటి వెలుగు నా మీద అటూ ఇటూ నడిచింది. మామూలు అక్షరం ఉన్నచోట ఎరుపు, మారిన అక్షరం ఉన్నచోట ఆకుపచ్చ, రెండూ కలిసి ఉంటే పసుపు. తెర మీద గదులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. సలోమి మిగతా పదకొండింటినీ సరిగ్గా చూడనైనా లేదు. పన్నెండో గది మూల, బుడగ కూర్చున్నచోట, నల్లటి మచ్చ. తను వెతుకుతున్న, ఆ ఎంజైమ్‌ను తయారు చేసే జన్యువు చుక్క సరిగ్గా ఆ మచ్చ కిందే ఉంది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కనే ఉన్న తోటి శాస్త్రవేత్త నెమ్మదిగా అంది. "ఆ చుక్కను ఒకచోటే పెట్టరు కదా! మిగతావి చూడు."

నిజమే. నన్ను తయారు చేసినవాళ్లు మనుషుల మీద నమ్మకం లేనివాళ్లు. ముఖ్యమైన ప్రతి చుక్కనూ మూడు చోట్ల పెట్టారు. రెండో చోట చూసింది. ఆకుపచ్చగా ఉంది. మూడో చోట చూసింది. అదీ చిక్కటి ఆకుపచ్చే. ఎరుపు ఛాయ కూడా లేదు. ఆ జన్యువుకు ప్రతి మనిషిలో రెండు ప్రతులుంటాయి. నిషితలో రెండు ప్రతుల్లోనూ అక్షరం మారిపోయింది.

ఆకుపచ్చ చూసి సంతోషించాలో భయపడాలో తెలియకుండానే సలోమి శేషగిరి గారికి ఫోన్ చేసింది.

ఏ అక్షరమో తెలిసింది కాబట్టి, షరతు ప్రకారం ఆ ఒక్కదాన్నీ అక్కడే ఇంకో పద్ధతిలో సరిచూడటం మొదలుపెట్టారు. ఈసారి తల్లిదండ్రుల రక్తం కూడా తీసుకున్నారు. జవాబు వచ్చేలోగా పిల్లకు జ్వరం దిగింది, కణాలు కొద్దికొద్దిగా లేచాయి. డాక్టరు కుసుమనూ, రామినాయుణ్ణీ, సన్యాసమ్మనూ తన గదికి పిలిచాడు. "అన్నేసి సంగతులు సెప్పే ఆ గాజుముక్కని ఒక్కసారి సూపిస్తారా?" అని కుసుమ అడగడంతో సలోమి నన్నూ ఒక డబ్బాలో పెట్టి తీసుకొచ్చింది. బల్ల మీద ఉండి నేనంతా చూశాను.

"పిల్ల ఒంట్లో ఒక్క అక్షరం తేడాగా ఉంది," అన్నాడు శేషగిరి గారు. "దానివల్ల అందరి పిల్లలకూ సరిపోయే మందు ఈ పిల్లకు విషమంత ఎక్కువవుతోంది. పావు మాత్ర కూడా ఎక్కువే."

"మా రకతంలో అలాటివేవీ నేవు బాబూ," అంది సన్యాసమ్మ వెంటనే. "మాది మంచి వంశం."

"ఇది జబ్బు కాదమ్మా. ఈ మందు వేసుకోకపోతే వందేళ్లు బతికినా తెలియదు. పిల్లకు ఒక సగం అమ్మ దగ్గర్నించి వచ్చింది. ఇంకో సగం నాన్న దగ్గర్నించి."

"నా దగ్గర్నించా?" రామినాయుడు తన అరచేతులు చూసుకున్నాడు.

సన్యాసమ్మ పెదవులు కదిలాయి. కొడుకు తన కడుపున పుట్టాడు, కోడలు తన తమ్ముడి కూతురు. లెక్క ఎటు తిప్పినా తన పుట్టింటి గడపకే చేరుతోంది. "అయితే మాయమ్మ కాణ్ణుంచా బాబూ?" అంది చిన్న గొంతుతో.

"కావచ్చు. ఎవరి దగ్గర్నించైనా, ఎవరి తప్పూ కాదు." డాక్టరు కుసుమ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు వార్డులో అంతమందిలో నిన్ను అలా అడగాల్సింది కాదు. నాది తప్పు."

కుసుమ ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె మొగుడి వైపు తిరిగి, "మూడో మాటు నాను పావే ఏసినాను బావా. నీకు సెప్పనేదు," అంది. ఆమె మళ్లీ డాక్టరును అడిగింది. "మరి మాత్ర మానీమంటారా?"

"మానకూడదు. వారంలో రెండు రోజులే, పావు ముక్క. ఇవాళ ఇక్కడే మొదలుపెడదాం."

సిస్టర్ చేతి తొడుగులూ, మాత్ర కోసే చిన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. రామినాయుడు వాటిని భార్య వైపు జరిపాడు. "నువ్వే ఎయ్యి," అన్నాడు. క్షమాపణ అడగడం రాని మనిషికి చేతనైన క్షమాపణ అది.

కుసుమ వాటిని వెనక్కి జరిపింది. "ఒద్దు బావా. ఈ మాటు నువ్వు ఏసి సూడు."

అతను తొడుగులు వేసుకున్నాడు. బస్తాలు ఎత్తే చేతులవి. మాత్రను డబ్బాలో పెట్టి రెండు చేశాడు, అరను మళ్లీ రెండు చేశాడు. ఒక అంచు పొడిగా రాలింది. మిగిలిన ముక్కను వెలుతురుకు పట్టుకుని చూశాడు, కిందపెట్టి చూశాడు, పక్క ముక్కతో పోల్చి చూశాడు. మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు.

"ఇది పావేనా?" అని అడిగాడు ఆమెను.

"ఏమో బావా. నానూ రోజూ అలాగే అడుక్కున్నాను. సెప్పడానికి ఎవులూ నేరు."

సిస్టరే ముందుకొచ్చి ముక్కను చూసి, సరిపోయిందంది. సన్యాసమ్మ లేచి వెళ్లి, కోడలి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత నా పని అయిపోయింది. నా మెరుపు వెలిసిపోయింది. నన్ను సలోమి బల్ల సొరుగులో పడేశారు. మిగతా పదకొండు గదుల్లో రెండు పసుపుగా వచ్చాయని, కణాలు పడిపోయినవాళ్లు ఆ ఇద్దరేనని తేలింది. ఇంకొందరి రక్తంలోనూ చూశాక కంపెనీ తన పద్ధతి మార్చింది. కొత్త మాత్ర ఎవరికైనా ఇవ్వబోయే ముందు ఆ అక్షరం చూస్తున్నారు, తేడా ఉంటే మోతాదు తగ్గించి మొదలుపెడుతున్నారు. దాని గురించి వాళ్లు పెద్ద సభ పెట్టుకుని ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారట. నన్నెవరూ పిలవలేదు. బుడగ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

వారానికోసారి రక్తపరీక్ష అయ్యాక కుసుమ సలోమికి ఫోన్ చేసేది. మొదట్లో ఫోన్ మోగితే సలోమి చేతిలో పని వదిలేసేది, సొరుగులో ఉన్న నాకూ కంగారే. కణాలు ఎన్నున్నాయో కుసుమ అంకెలు చదివేది. కొంచెం తగ్గితే సలోమి ఆ అంకెను మళ్లీ చదివించుకునేది. తగ్గినవి మళ్లీ లేచాయి. పడిపోవడం మాత్రం జరగలేదు. మందు ఇంకా ఏడాదికి పైగా ఉంది. ఆ ఏడాదిలో ఏమవుతుందో నా చుక్కల్లో ఏ ఒక్కదానికీ తెలియదు. నాకు తెలిసింది ఒక్క మందు సంగతే. ఆ జబ్బు తిరిగొస్తుందా రాదా అన్నది నా మీద రాసి లేదు.

మొన్న ఫోన్ వచ్చింది. కుసుమ గొంతు కోపంగా ఉంది.

"ఏం సెప్పమంటారు మేడమ్, ఈ గుంటతో ఏగనేకపోతన్నాను. అంగన్‌వాడీ కాడ పరిగెట్టి పడి మోకాలు దోక్కుపోనాది. మందు రాయనీదు, కూసోమంటే కూసోదు. వాళ్ల నాన్న ఎనకేసుకొస్తాడు, మాయత్త ఇంకా నయం, ముద్దులెడతాది."

"దెబ్బ ఎలా ఉంది? చీము పట్టలేదు కదా?" సలోమి లేచి నిలబడింది.

"చీమా? ఎండి పొక్కు కట్టేసినాది. అదేమో గీకుతున్నాది. ఒలే, గీకకే! సెప్తే ఇనదు. ఉండండి మేడమ్, మళ్లా పరిగెట్టినాది..."

ఫోన్ అలాగే వదిలేసి కుసుమ పరిగెత్తింది. అవతల ఆమె అరుపులూ, పిల్ల నవ్వూ వినపడుతున్నాయి. సలోమి చాలాసేపు ఫోన్ పెట్టేయలేదు.